మార్జిన్ మాస్టారు

"ఇది మీకెంతకు పడుతుంది బాబూ?"

నలుగురి ముందు ఆ మాట అడిగేసరికి ఆడియో షాపు ఓనరు మొహం మాడిపోయింది.

అడిగినాయనకు అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, అరిగిన చెప్పులు. వరసగా మూడు రోజుల నుంచి వస్తున్నాడు. కొనేది లేదు, పెట్టేది లేదు. షాపులోకెల్లా ఖరీదైన స్పీకర్ల ముందు సోఫాలో కూర్చోవడం, కళ్లు మూసుకుని వినడం, లేచి ఆంప్లిఫయరు వెనక్కి వెళ్లి తొంగి చూడడం, ఆఖర్న ఆ ఒక్క ప్రశ్న వెయ్యడం.

కౌంటర్లో కూర్చునే బావమరిది ఆయనకు మార్జిన్ మాస్టారని పేరు పెట్టేశాడు.

మొదటి రోజు ఓనరు నవ్వి ఊరుకున్నాడు. రెండో రోజు టాక్సు వాళ్ల మనిషేమోనని అనుమానం వచ్చి కాఫీ ఇప్పించాడు. మూడో రోజుకు ఓపిక అడుగంటింది.

"నూటికి నలభై మిగులుతుందండీ. ఇప్పుడు తృప్తేనా?"

నలభై అని నోరుజారాడే గానీ, ఆ నలభై ఎటు పోతుందో చెప్పకపోతే మనసొప్పలేదు. మెయిన్ రోడ్డు మీద అద్దె. బయటి చప్పుడు వినపడకుండా గోడలకు మెత్తలు కొట్టించిన గది. పొద్దస్తమానం తిరిగే ఏసీ. అన్నిటికీ మించి, గంటన్నర కూర్చుని పాటలన్నీ వినేసి, మోడల్ నంబరు ఫొటో తీసుకుని, ఇంటికెళ్లి ఆన్‌లైన్లో తెప్పించుకునే మహానుభావులు. వాళ్లు విని పోయినదంతా కొన్నవాడి దగ్గరే రాబట్టుకోవాలి మరి.

పెద్దాయన అంతా శ్రద్ధగా విన్నాడు.

"కొన్నాక ఏదైనా చెడితే? ఆ నలభైలో దానికేమన్నా ఉంచుతారా?"

అదంతా కంపెనీ చూసుకుంటుందని చెప్పి ఓనరు కౌంటరు వైపు తిరిగిపోయాడు. అక్కడ ఓ పళ్ల డాక్టరూ ఆయన భార్యా బిల్లు కోసం నిలబడి ఉన్నారు. అన్నిటికన్నా పెద్ద ఆంప్లిఫయరు ఎంచుకున్నారు. నెలకు అలాంటిదొకటి అమ్మితే చాలు, అద్దె గట్టెక్కిపోతుంది.

వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది.

"మీ హాలు ఎంతుంటుందమ్మా?"

ఆవిడ చెప్పింది.

"అయితే ఆ పక్కనున్న చిన్నది సరిపోతుంది. రెండింట్లోనూ లోపలి సర్క్యూట్ బోర్డు ఒకటే. పెద్దదానికి ముందు ఇత్తడి పలక, లోపల బరువు కోసం ఓ ఇనప దిమ్మ. అంతే తేడా."

డాక్టరు ఓనరు వంక చూశాడు. నిజమేనా అన్నట్టు.

పద్నాలుగేళ్లుగా అమ్ముతున్నాడే గానీ ఓనరు ఒక్కదాన్నీ విప్పి చూసిన పాపాన పోలేదు. అబద్ధమందామంటే ఈయన ఇక్కడే విప్పి చూపిస్తాడేమోనని భయం. ఈలోగా వాళ్లు చిన్నది తీసుకుని, పెద్దాయనకు థాంక్స్ చెప్పి మరీ వెళ్లారు.

"మీకు నేనేం ద్రోహం చేశానండీ?" అన్నాడు ఓనరు.

"కోపం తెచ్చుకోకండి. వాళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తారు. అసలు మీతో ఒక మాట చెప్పుకుందామనే నేను మూడు రోజులుగా..."

"మీ మాటలు చాలు. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకండి."

బావమరిది పరిగెత్తుకెళ్లి గాజు తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్దాయన ఇంకేదో అనబోయి, మానేసి, నిదానంగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే కొత్త తలనొప్పి మొదలైంది.

పాత ఖాతాదారు, ఓ సంగీతం టీచరు గారి ఆంప్లిఫయరు మూగబోయింది. ఏడేళ్ల క్రితం కొన్నారావిడ. తర్వాత పదకొండు మందిని షాపుకు తీసుకొచ్చారు. ఎప్పట్లాగే సెట్టు కంపెనీకి పంపించాడు. ఎప్పుడు ఏది పంపినా పది రోజుల్లో కొత్తదానిలా తిరిగొచ్చేది, మళ్లీ చెడేది కాదు. ఈసారి ఆరు వారాలు పట్టింది. వచ్చింది కూడా గుయ్యిమంటూ రొద పెట్టుకుంటూ వచ్చింది. మళ్లీ పంపితే, ఇక బాగుపడదు, కొత్తది కొనుక్కోమన్నారు.

"ఆన్‌లైన్లో తక్కువకే వస్తోందని మా అబ్బాయి చెప్పినా మీ దగ్గరే ఎక్కువ పెట్టి కొన్నాను," అన్నారు టీచరు. "ఇందుకేనా?"

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది ఓనరుకు.

ఆ వారంలోనే అలాంటివి ఇంకో రెండు సెట్లు తిరిగొచ్చాయి. చిర్రెత్తుకొచ్చి కంపెనీ సర్వీసు మేనేజరుకు ఫోను చేశాడు. మీకేం పుట్టింది, నా పేరు బజారున పడుతోందని చెడామడా దులిపేశాడు.

మేనేజరు అంతా విని నిట్టూర్చాడు.

"బోర్డు విప్పి, చెడిన చోటు పట్టుకుని బాగుచెయ్యగలిగినవాడు మాకు ఒక్కడే ఉండేవాడండీ. ముప్పై ఏళ్లు చేశాడు. మీకొచ్చిన ప్రతి సెట్టూ అతని చేతిమీదుగా వచ్చిందే. రిటైరయ్యి, మీ ఊళ్లోనే కూతురి దగ్గరికి వచ్చేశాడు."

ఓనరుకు ప్రాణం లేచొచ్చింది.

"అడ్రసివ్వండి. ఎంతడిగినా ఇస్తాను. వెనక గది మొత్తం అతనికే వదిలేస్తాను."



"జీతం కూడా వద్దనుకున్నాడండీ, కూర్చోడానికో బల్ల ఇస్తే చాలనుకున్నాడు," అన్నాడు మేనేజరు మెల్లగా. "అది అడగడానికే మూడు రోజులు మీ షాపుకొచ్చాడట, ఎవరో డాక్టరు గారికి చిన్న సెట్టు ఇప్పించాడని మీరు గుమ్మం తొక్కొద్దన్నారట కదా."