చందా వద్దన్నారు

కువైట్ వచ్చిన ఆరేళ్లలో జడ్సన్ పార్టీ మీటింగుకు పోవడం ఇదే మొదలు.

హాలు గుమ్మం దగ్గరే అతని కాళ్లు ఆగిపోయాయి. లోపలంతా నెల్లూరు జిల్లా వాళ్లే. ఎన్నికల చందా ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతున్నారు.

“రాన్నా, పెళ్లికూతురు మాదిరి నిలబడ్డావే!” అతని గదిలోనే ఉండే టైటస్ చెయ్యి పట్టి లాగాడు.

జడ్సన్ వచ్చింది ఒకే పనికి. కృష్ణపట్నం రోడ్డు పక్కన అతని భార్య నవోమికి పుట్టింటివాళ్లిచ్చిన పొలం ఉంది. ఎవరెవరో కొంటామని వస్తున్నారు. ఆమె అమ్మనంటోంది. మొన్నటి నుంచి ఆమె ఫోన్ ఎత్తడం లేదు. ఊరి వైపు నుంచి వచ్చిన నాయకుడు నరేంద్రబాబుతో ఒక్క మాట చెప్పుకుంటే, ఎవరినైనా ఇంటికి పంపి కనుక్కుంటాడని ఆశ.

 

బల్ల దగ్గర కవరు చాపాడు. రాసుకుంటున్న మనిషి పేరడిగాడు. తలెత్తి చూశాడు. కవరు వెనక్కి నెట్టాడు.

“మీ దగ్గర వద్దన్నా. మీరు స్టేజీ మీదకి పోండి.”

“అదేంది, అందరి దగ్గరా తీసుకుంటిరే?”

“సార్ చెప్పినారు.”

టైటస్ నోరు తెరిచాడు. “ఏం మందు పెట్టినావయ్యా ఆయనకి? నాది కూడా వెనక్కిస్తారేమో అడుగు!”

నరేంద్రబాబు పక్క కుర్చీలో జడ్సన్‌ను కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. ఉక్కపోసింది. అతను అడగకముందే నరేంద్రబాబు అన్నాడు:

“నవోమి గురించే గదా తమ్ముడూ? బాగుండాది. మనవాళ్లు మీ ఇంటికాడే ఉండారు.”

అంత పెద్దమనిషి పేరు పెట్టి చెప్పేసరికి జడ్సన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మాట్లాడతావా?”

నరేంద్రబాబు తన ఫోన్‌లో వీడియో కాల్ కలిపాడు. ఒక చేత్తో ఫోన్ ఎదురుగా పట్టుకున్నాడు. రెండో చెయ్యి జడ్సన్ మెడ చుట్టూ వేశాడు.

నవోమి కనిపించింది. ఆమె వెనక మంచం మీద తెల్లచొక్కాలవాళ్లు నలుగురు కూర్చున్నారు.

“భయపడబాక,” జడ్సన్ నవ్వాడు. “సారు పక్కనే ఉండా. చూడు!”

ఆమె నవ్వలేదు. తెరనే కాసేపు చూసి, వెనక్కి తిరిగి మంచం మీదివాళ్లతో అంది:

“ఆ కాగితాలు ఇట్టియ్యండి, సంతకం పెడతా, ముందు ఆయన మెడ మీద చెయ్యి తియ్యమనండి.”