నోటితో చెప్పిన నొప్పి

ఉదయం ఎనిమిదింటికి నర్సు సత్యవేణి, క్యాన్సర్‌తో మంచం పట్టిన చిదంబరరావు గదిలోకి ఒకప్పుడు ఆయన కింద పనిచేసినవాళ్లను పంపింది. మందు యంత్రం ఆయన్ని పలకరించే వేళ అదేనని ఆమెకు తెలుసు. ఆ యంత్రం రోజుకొక్కసారే అడగాలని, రోగి నొప్పి ఉందని నోటితో చెబితేనే నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇవ్వాలని, అధికారిగా ఉన్నప్పుడు ప్రభుత్వానికి ప్రణాళిక రాసిచ్చింది ఆయనే. సత్యవేణి తల్లి ఎవరు పలకరించినా "బానే ఉన్నానమ్మా" అనేది. యంత్రానికీ అదే చెప్పి, తర్వాత అడిగినా మందు అందక ఆ రాత్రే నొప్పితో పోయింది.

"ఎలా ఉన్నారు?" అంది యంత్రం.

చిదంబరరావు వచ్చినవాళ్ల ముఖాలు చూసి పళ్లు బిగించాడు. "భేషుగ్గా ఉన్నాను."

"సార్‌ది ఉక్కు శరీరమండీ!" అన్నాడొకాయన.

వాళ్లు వెళ్లగానే ఆయన సత్యవేణి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మాయ్, దాన్ని మళ్లీ అడగమనవే. ప్రాణం పోతోంది."

"రేపు పొద్దున్న అడుగుతుందండి. మా అమ్మనీ తెల్లారేదాకా ఆగమన్నారు."

ఆ రోజు యంత్రం మందు ఇవ్వలేదు.