గోడ వెనక గది

"అయిపోనాదా?" నైటు షిఫ్టు దిగి భిలాయి ఉక్కు ప్లాంటు నుంచి వచ్చిన చక్రి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడి భార్యను అడిగాడు.

"అయింది," అంది హేమశ్రీ నీరసంగా. కట్టబోయే న్యూట్రాన్ పరిశోధన కేంద్రంలో గోడలు దాటి ఎంత రేడియేషన్ వస్తుందో లెక్కకట్టే నమూనాను ఆమె కంప్యూటర్లో గీస్తోంది. "ఓ చిన్న గది దగ్గరే లెక్క ఆగిపోతంది. మా ఆఫీసు సార్ దాన్ని తీసేయమన్నారు. తీసేస్తే నడిచింది."

"అయితే ఆ గది కట్టరేటి?"

"కడతారు. నమూనాలోనే ఉండదు."

"అందులో ఎవరుంటారు?"

"షిఫ్టు మనిషి."

చక్రి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

అతని మెడ మీది మసి ఆమె కంట పడింది. తర్వాత ఫోను తీసి మెల్లగా మాట్లాడింది.

"సార్, ఆ లెక్క ఇవాళ పంపలేను. ఆ గదిలో మనిషుంటాడు."