సాంటోరినిలో ఎండ

"ఇంతకీ మీకు గది ఎటువైపు ఇచ్చారమ్మా?" అని మంగతాయారు అడిగేసరికి నవీన బగారా అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

ఆదివారం మధ్యాహ్నం, జాన్సన్‌విల్‌లో తారాబాయి ఇల్లు. తలో వంటకం తెచ్చుకుని తెలుగువాళ్ళు నాలుగిళ్ళవాళ్ళు చేరారు. పెళ్ళయి పదేళ్ళయిన సందర్భంగా నవీన, లోకేశ్ చూసొచ్చిన గ్రీసు ద్వీపం కబుర్లు వినాలని అందరికీ ఒకటే ఆరాటం.

అసలు సంగతేమిటంటే, వాళ్ళు వెళ్ళనేలేదు. టికెట్లు కొని, ఊరంతా చెప్పుకుని, తీరా బయల్దేరే ముందు లోకేశ్ ఉద్యోగం ఊడింది. టికెట్లు రద్దు చేసుకుని, ఈ దేశంలోనే తరనాకి తీరంలో ఓ చిన్న మోటెల్లో తలదాచుకుని, అక్కడి నల్ల ఇసుకలో నాలుగు ఫోటోలు దిగి వచ్చారు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఎవరికీ తెలియకూడదని లోకేశ్ పట్టుబట్టాడు. పస్తులైనా ఉంటాను గానీ జాలిచూపులు భరించలేనంటాడు. ఆ గుట్టు కాపాడే భారం నవీన మీద పడింది.

మిగతావాళ్ళను నమ్మించడం పెద్ద పని కాదు. చిక్కల్లా తారాబాయితోనే. భర్త కిషన్‌రావు పోవడానికి కొద్దిగా ముందు ఆవిడ ఆయన్ని సాంటోరిని తీసుకెళ్ళింది. అది ఆయన చివరి కోరిక. అంత జబ్బుమనిషితో అంత దూరం ఎలా వెళ్ళొచ్చిందా అని ఇప్పటికీ అందరూ ముక్కున వేలేసుకుంటారు. కెమెరా పడవలోంచి సముద్రంలో జారిపోయి, పాపం, ఒక్క ఫోటో కూడా మిగల్లేదట. అలాంటావిడ ముందు ఆ ద్వీపం గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

అయినా నవీన బాగానే నెట్టుకొచ్చింది. ఎప్పుడో కొండ పేలిపోయి, నడుమంతా కుంగి, ఆ గుంటలోకి సముద్రం వచ్చి కూర్చుందని చెప్పింది. మిగిలిన అంచు మీద తెల్లటి ఇళ్ళు, నీలం గోపురాలు. నీళ్ళ మధ్యలో నల్లటి దిబ్బ, ఇప్పటికీ చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలే నేల. చెబుతూ చెబుతూ తనే అందులో పడిపోయింది.

"కింద నిప్పుందని వాళ్ళకి తెలుసు. తెలిసే గుమ్మంలో పూలమొక్కలు పెంచుకుంటారు. నాకు అన్నిటికన్నా అదే అందంగా అనిపించింది," అంది.

ఆ ఒక్క మాటా మనసులోంచే వచ్చింది. మొన్నటి భూకంపానికి వంటింటి గోడ బీటలిచ్చిన తారాబాయి నిజమేనన్నట్టు తలూపింది.

ఇదిగో, అంతా సజావుగా సాగుతుండగా మంగతాయారు అడ్డం పడింది. ఆవిడ ఇల్లు కొనే వేటలో ఉంది. భూగోళం దక్షిణ కొసనున్న ఈ దేశంలో ఇల్లు కొనేవాళ్ళు ధర కన్నా ముందు ఉత్తరపు ఎండ సంగతే అడుగుతారు. ఈమధ్య ఆవిడకి కలలో కూడా దిక్కులే.

"ఉత్తరం వైపు ఆంటీ," అంది నవీన. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా గది నిండా ఎండే."

అదృష్టవంతులమ్మా అని మంగతాయారు నిట్టూర్చింది. తారాబాయి మాత్రం గరిటె పక్కన పెట్టి నవీన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అయిపోయింది, దొరికిపోయాననుకుంది నవీన.

తారాబాయి వచ్చి పక్కన కూర్చుని నవీన చెయ్యి పట్టుకుంది.

"నిజమే బిడ్డా. అక్కడ అట్లనే ఉంటది," అంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత ఎవరు ఏం అడిగినా, పిల్లను తిననియ్యండి అంటూ తనే అడ్డుపడింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, వేడివేడి డబుల్ కా మీఠా డబ్బా నవీన చేతిలో పెట్టింది.

"ఎవరేమడిగినా మాట మార్చకు బిడ్డా," అంది మెల్లగా. "అక్కడికి పోవాలని మీ అంకుల్ ఎంత తండ్లాడిండో."

కారు మోటార్‌వే ఎక్కాక నవీనకి ఏడుపు ఆగలేదు. అంత మంచి మనిషి ముందు అబద్ధాలాడానని సిగ్గేసింది. లోకేశ్‌కి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"ఇక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడు, మనకదే అలవాటైపోయి మర్చిపోయాం. అక్కడ సూర్యుడు మన ఇండియాలోలాగే దక్షిణం మీదుగా పోతాడు. ఉత్తరపు గదిలో రోజంతా ఎండెలా ఉంటుంది? వెళ్ళినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆంటీ కనిపెట్టేశారు, పెద్దమనసుతో నిన్ను కాపాడారు. అయినా ఆ ముక్క ఎక్కడ చదివావే?"

నవీన ఏడుపు టక్కున ఆగిపోయింది. ఒళ్ళో డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి తిరిగి జాన్సన్‌విల్ కొండల వైపు చూసింది.

"చదవలేదు," అంది. "వాళ్ళకిచ్చిన గది అలాగే ఉండేదని తారా ఆంటీయే చెప్పారు."