ఆరు ముక్కల్లో రెండు

క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని వర్షిణి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

ఒళ్ళో లెక్కల పేపరు. ఇరవైకి నాలుగు.

మెట్లెక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఓ చూపు చూసి తప్పుకుపోతున్నారు. ఎదురింట్లోంచి పంచె కట్టుకున్న పెద్దాయన మాత్రం వచ్చి, పక్కనే చతికిలబడ్డాడు. సుభద్రగారి నాన్న నాగభూషణం. ఆర్.కె. పురంలో కూతురింట్లో రెండు నెలలు ఉందామని ఊర్నించి వచ్చాడు.

"ఏంటమ్మా అది?"

"ఫ్రాక్షన్స్. రెండు నెలల తర్వాత మళ్ళీ టెస్ట్ పెడతారు. అందులో కూడా ఫెయిలైతే ఫిఫ్త్‌లోనే ఉంచేస్తారు. ఫ్రెండ్స్ అందరూ సిక్స్త్‌కి వెళ్ళిపోతారు."

"నాక్కాస్త చెప్పవూ?"

వర్షిణి ఏడుపు ఆపింది. "మీకు రాదా?"

"రాదు."

"ఇంత పెద్దయ్యారు కదా!"

"అయినా రాదు."

మనకంటే తెలియనివాడు దొరికితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. వర్షిణి కళ్ళు తుడుచుకుని, అచ్చం వాళ్ళ మేడమ్ లాగే గొంతు సవరించుకుంది.

"హాఫ్ లీటర్ పాలలో పావు లీటర్ కలిపితే ఎంత? పైన వన్, వన్, టూ. కింద టూ, ఫోర్, సిక్స్. టూ బై సిక్స్. సమఝే? అర్థమైందా?"

"అంటే?"

"అంటే ఆరు ముక్కలు చేసి రెండు తీసుకోవడం."

ఆయన గోడకేసి చూస్తూ ఆలోచించాడు.

"ఆరు ముక్కల్లో సగమంటే మూడు కదమ్మా. అర లీటరులో ఇంకా పాలు పోస్తే, అర కంటే తగ్గిందేంటి?"

వర్షిణి ఒళ్ళోని పేపరు తిప్పి చూసింది. పేపర్లో ఎర్ర సిరాతో కొట్టేసిన లెక్క అదే.

"ముప్పావు లీటరవ్వాలి," అన్నాడాయన. "కాగితం మీద ఎలా రాయాలో మాత్రం నాకు తెలీదు. నువ్వే చూసి చెప్పు."

ఆ రాత్రి వర్షిణి, ఎవరూ తిట్టకుండానే లెక్కల పుస్తకం తీసింది. రేపు తాతగారు అడిగితే చెప్పాలి కదా!

రోజూ సాయంత్రం మెట్ల మీద బడి. ఆయన అడిగే సందేహాలకి అంతుండేది కాదు. చేసే తప్పులకీ ఉండేది కాదు.

ఒకరోజు టాంకు లెక్క వచ్చింది. టాంకు నిండా నీళ్ళు. మూడో వంతు స్నానాలకి, మిగిలిన దాంట్లో సగం బట్టలకి. ఇంకెన్ని నీళ్ళుంటాయి?

ఆయన మూడో వంతు తీసేశాడు. టాంకులో సగం కూడా తీసేశాడు.

"అరె, మిగిలిన దాంట్లో సగం తాతగారూ! మొత్తంలో కాదు! ధ్యాన్ సే పఢో నా, సరిగ్గా చదవండి!"

ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. వర్షిణికి చిరాకొచ్చి, ఇంట్లోంచి నీళ్ళ సీసా తెచ్చింది. పెన్నుతో మూడు సమభాగాలుగా గీతలు పెట్టింది. ఒక భాగం మెట్ల మీద పారబోసింది. మిగిలిన రెంటిలో ఒకటి తులసి కుండీలో పోసింది.

"ఇప్పుడెంత ఉంది?"

"ఒక భాగం. మూడో వంతు!" ఆయన మొహం వెలిగిపోయింది.

పోయిన పరీక్షలో ఈ లెక్క తనకీ తప్పేనని వర్షిణి ఆయనకి చెప్పలేదు. మేడమ్‌లు అలాంటివి చెప్పరు మరి!

పరీక్ష రేపనగా, వర్షిణి తల్లి సునంద ఆఫీసు నుంచి కాస్త త్వరగా వచ్చింది. వచ్చేసరికి కూతురి నోట్‌బుక్కులో పెద్దాయన శుభ్రంగా తప్పు లెక్క వేస్తున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. మీకే రాని లెక్కలు చెప్పి దాన్ని చెడగొట్టకండి. దాని ఏడాది పోతుంది."

"మమ్మీ, ఆయన కాదు, నేనే..."

"నువ్వు లోపలికి పద!"

ఆయన పెన్సిలు కింద పెట్టాడు.

"నిజమేనమ్మా," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఆయన ఊరి రైలు.

వర్షిణికి ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి.

"ఏ ట్యూషన్‌లో చేర్పించారు?" అని స్కూల్లో మేడమ్ సునందని అడిగింది.

"ట్యూషన్ లేదు మేడమ్," వర్షిణి అందుకుంది. "నేనే ఒక తాతగారికి చెప్పాను. ఆయన రోజూ తప్పులు చేస్తే దిద్దేదాన్ని."

సునందకి తల కొట్టేసినట్టయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ, నోరు జారితే ఎలా?

సాయంత్రం మిఠాయి డబ్బా పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది.

"సుభద్రగారూ, మీ నాన్నగారిని ఎంత మాటన్నానండీ! రాదు, రాదు అంటూనే అన్నీ పిల్ల చేతే చెప్పించారు. అన్ని తప్పులు కావాలని చెయ్యడం మామూలు మాష్టార్ల వల్ల అవుతుందా? ఏ కాలేజీలో చెప్పేవారు?"

సుభద్ర తెల్లబోయింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

"కాలేజీయా? నాన్న పెళ్ళిళ్ళకి వంటలు చేసేవారండీ. మూడో క్లాసులోనే బడి మానేశారు."

"మరి... ఆ తప్పులు?"

"నిజం తప్పులేనండీ. పెద్దవాళ్ళకి అయిదో తరగతి పరీక్ష పెడతారు కదా, అది రెండుసార్లు లెక్కల్లోనే పోయింది."

సునంద చేతిలో డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

"ఊరెళ్ళి మళ్ళీ రాశారు, ఈసారి పాసయ్యారండీ. ఇందాకే నాకు ఫోన్ చేసి, ‘మీ ఆయనకి తర్వాత చెబుదువుగాని, ముందు ఎదురింట్లో మా టీచరమ్మకి చెప్పిరా’ అన్నారు."