నెమ్మదైన పేరు

రేపు పది గంటల్లోపు పేరు ఖాయం చెయ్యాలి. అల్లుడికి ఇంకా ఒక్కటీ తోచలేదు.

ఎన్నేళ్లకో వచ్చిన అవకాశం. పైగా పెద్దలు షరతులు పెట్టారు. పేరు పొట్టిగా ఉండాలి, అందరికీ నోరు తిరగాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు. ఆడపేరైనా సరే, మగపేరైనా సరే.

"వెన్నెల?" అన్నాడు.

కూరగాయలు తరుగుతున్న భార్య తల ఎత్తలేదు. "ఆ పేరు వింటే జనం చాపలేసుకుని ఆరుబయట కూర్చుంటారు. వద్దు."

"చంచల?"

"మా క్లాసులో ఉండేది. దాని పక్కన కూర్చుంటే పెన్సిలు దక్కేది కాదు. అన్నీ ఎత్తుకుపోయేది."

"మరి బాగానే ఉంది కదా!"

"అదిప్పుడు మన వీధి చివరే ఉంటోంది. తెలిస్తే మీద పడి రక్కుతుంది."

పక్కగదిలోంచి అత్తగారు దగ్గారు. కూతురింట్లోనే ఉంటున్నా, నెల రోజులుగా ఆవిడకు అల్లుడితో మాటల్లేవు. తప్పు అతనిదే. ఆవిడ పేరుకు 'నెమ్మదైనది' అని అర్థం. "మిమ్మల్ని చూడకుండానే పెట్టేశారా ఏంటండీ?" అని నోరు జారాడు. ఆనాటి నుంచి కాఫీ గ్లాసు అతని ముందు ఠంగుమని వాలుతోంది. ఎలాగైనా ఆవిడను మంచి చేసుకోవాలని అతని తాపత్రయం.

"మీ ఆయనతో చెప్పవే," అన్నారు అత్తగారు గుమ్మంలోకి వచ్చి, గోడకేసి చూస్తూ. "నా పేరుకేం తక్కువట?"

అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. నిజమే! పొట్టి పేరు, నోరు తిరిగే పేరు. నొచ్చుకోవలసిన మనిషే నోరు తెరిచి అడుగుతోంది.

"మీ పేరే పెడతానత్తయ్యా!"

నెల తర్వాత మొదటిసారి ఆవిడ అతనికేసి తిరిగారు. ముఖం చేటంత అయింది.

"పెట్టు బాబూ. కానీ ఒక్క మాట. నా పేరు పెట్టుకున్నది ఉలుకూ పలుకూ లేకుండా ఓ మూల పడి ఉండకూడదు. నలుగురూ పదేళ్లు చెప్పుకోవాలి."

'మీ పోలికలు మాత్రం రాకూడదు' అనబోయి అల్లుడు నాలుక కరుచుకున్నాడు. వేడి కాఫీ చప్పుడు చెయ్యకుండా వచ్చి అతని ముందు వాలింది.

మర్నాడు సరిగ్గా పది గంటలకు, వాతావరణ కేంద్రంలో, రాబోయే తుపానుకి అత్తగారి పేరు ఖాయం చేస్తూ అల్లుడు సంతకం పెట్టాడు.