గట్టి ఫ్రేము

"ఇంత నాసిరకం సరుకు అంటగడతారా?" అంటూ షాపాయన మీద నాకంటే ముందు తమ్ముడే విరుచుకుపడ్డాడు.

నా కారు వెనక నంబరు ప్లేటు ఎవరో కొట్టేశారు. ఆ ప్లేటు తగిలించుకున్న బండేదో ఒక ముసలాయన్ని గుద్ది, ఆగకుండా పోయింది. పోలీసులు నన్ను పొద్దస్తమానం స్టేషన్లో కూర్చోబెట్టారు. తమ్ముడు పక్కనే ఉండి ధైర్యం చెప్పాడు.

ప్లేటు పోకూడదనే కదా, ఈ స్టీలు ఫ్రేము ఏరికోరి కొన్నది. దీని బోల్టులు మామూలు పానాకి లొంగవు. వాటికి వేరే తాళంచెవి ఉంటుంది.

షాపాయన కారు వెనక గొంతుక్కూర్చుని, ఖాళీ ఫ్రేము బోల్టులను వేలితో తడిమాడు.

"ఒక్క గీత కూడా పడలేదండీ. తాళంచెవితోనే విప్పారు. మీకు రెండిచ్చాం కదా."

ఒకటి నా జేబులోనే ఉంది. రెండోది కొన్నరోజే, "నువ్వు పారేసుకుంటావన్నయ్యా" అంటూ తమ్ముడు తన గుత్తికి తగిలించుకున్నాడు.

"పద అన్నయ్యా, వీళ్లతో మనకెందుకు" అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి.

"వేరే ఫ్రేము చూపించమంటారా?" అడిగాడు షాపాయన.

"వద్దండీ, ఇది మంచిదే. బోల్టులు మార్చండి చాలు" అన్నాను. "ఈసారి తాళంచెవి ఒక్కటే ఇవ్వండి."